నక్షా నుంచి నమూనాకు: నిర్మాణ రంగంలో బిమ్ స్వీకరణ చరిత్ర – బ్రిటన్ అనుభవం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ (బిమ్) అంటే ఏమిటో, అది సాధారణ నక్షాకు ఎలా భిన్నమైనదో వివరించగలుగుతారు.
• ఆ ఆలోచన పుట్టుకకూ, దాని స్వీకరణకూ మధ్య దాదాపు నాలుగు దశాబ్దాల ఎడం ఏర్పడటానికి కారణాలను విశ్లేషించగలుగుతారు.
• 2011లో బ్రిటన్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయ స్వభావాన్నీ, ఫలితాలనూ, పరిమితులనూ అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

సాంకేతిక చరిత్రను చదివే విద్యార్థి మొదట అడిగే ప్రశ్న, "దీన్ని ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు?" అన్నది. దానికి జవాబు చాలాసార్లు తేలికగానే దొరుకుతుంది. అంతకంటే కష్టమైన ప్రశ్న మరొకటి ఉంది. కనిపెట్టినదాన్ని సమాజం ఎప్పుడు, ఏ కారణాల వల్ల తన నిత్యవ్యవహారంలోకి తీసుకుంది? ఈ రెండు తేదీల మధ్య కొన్ని దశాబ్దాలు గడిచిపోవచ్చు. ఆ ఎడానికి కారణాలు వెతకడం చరిత్ర విద్యార్థి చేయవలసిన పని.

బిమ్ ఇందుకు మంచి ఉదాహరణ. దీని మూల భావన 1974 నాటికే ఒక పరిశోధనా నివేదిక రూపంలో అమెరికాలో వెలువడింది. బ్రిటన్ కేంద్ర ప్రభుత్వం తాను కట్టించే పనులకు దీన్ని తప్పనిసరి చేసిన సంవత్సరం 2016. అంటే మధ్యలో 42 ఏళ్లు. ఇంత ఆలస్యానికి కంప్యూటర్ల ధర, వేగం కొంతవరకు కారణాలే. అయితే అసలు చిక్కు సమాచారానికి బాధ్యులెవరు అన్న ప్రశ్నలో ఉన్నదనీ, దాన్ని కట్టించే యజమాని ముందుకు వచ్చి తేల్చిన చోటనే బిమ్ నిలదొక్కుకున్నదనీ ఈ పాఠంలో గమనిస్తాం.

2. కాగితపు నక్షా: బాధ్యతల హద్దు

ఒక ఆసుపత్రి భవనాన్ని ఊహించండి. ఆర్కిటెక్టు ప్లాను, ఎలివేషను, సెక్షను గీస్తాడు. స్ట్రక్చరల్ ఇంజినీరు స్తంభాలు, దూలాలు, వాటిలోని ఇనుము వివరాలు వేరే కాగితాలపై చూపుతాడు. విద్యుత్తు, నీటి గొట్టాలు, గాలి నాళాలు ఇంకొకరివి. ఎస్టిమేటు తయారుచేసేవారు ఈ కాగితాలన్నీ ముందు పెట్టుకుని పరిమాణాలు లెక్కిస్తారు. ఇప్పుడు ఒక తలుపును 2 అడుగులు పక్కకు జరపాలంటే ప్లానులో, సెక్షనులో, తలుపుల పట్టికలో, విద్యుత్ నక్షాలో, ఎస్టిమేటులో విడివిడిగా దిద్దాలి. ఒకచోట మరిచిపోతే ఆ పొరపాటు పని జరిగే చోటనే బయటపడుతుంది. అప్పటికి గోడ లేచి ఉంటుంది. పడగొట్టి మళ్లీ కట్టాలి.

బిమ్‌లో గీతలకు బదులు వస్తువులు ఉంటాయి. అందులో గోడ రెండు సమాంతర గీతలుగా ఉండదు. తన మందం, ఎత్తు, దేనితో కట్టినది, ఎంతసేపు మంటను తట్టుకుంటుంది, దానికి ఏ తలుపు అమర్చి ఉంది అన్న వివరాలు గల ఒక వస్తువుగా ఉంటుంది. ప్లాను, ఎలివేషను, పరిమాణాల పట్టిక అన్నీ ఆ ఒకే నమూనా నుంచి వస్తాయి. తలుపును ఒకసారి జరిపితే ఆ నమూనా నుంచి తీసే బొమ్మలన్నీ మారతాయి. గాలి నాళం దూలానికి అడ్డుపడుతున్నదా అన్నది కట్టకముందే తెరమీద కనిపిస్తుంది. నిర్మాణ కాలక్రమాన్ని జోడిస్తే దాన్ని నాలుగు కొలతల నమూనా అనీ, ఖర్చును కూడా జోడిస్తే ఐదు కొలతల నమూనా అనీ వ్యవహరిస్తారు.

ఇన్ని సౌకర్యాలున్నా కాగితపు నక్షా అంత సులువుగా పోలేదు. ఎందుకంటే నక్షా సమాచారాన్ని చేరవేయడంతో పాటు బాధ్యతకు హద్దు కూడా గీస్తుంది. కింద సంతకం పెట్టినవారు దానిలోని తప్పుకు జవాబుదారులు. కాంట్రాక్టులు, వృత్తి బీమా, కోర్టు వ్యాజ్యాలు అన్నీ ఆ సంతకం చుట్టూ అల్లుకుని ఉన్నాయి. పదిమంది కలిసి నింపే నమూనాలో తప్పు దొర్లితే ఎవరిని అడగాలి? దీన్ని గుర్తుంచుకుని ముందుకు సాగుదాం.

3. ఆలోచన పుట్టుక (1963–1992)

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్, కంప్యూటరు తెరపై నేరుగా బొమ్మ గీయవచ్చునని చూపింది. తరవాతి దశాబ్దంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఈస్ట్‌మన్, ఆయన సహచరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. 1974 నాటి నివేదికలో వారు ప్రతిపాదించిన 'బిల్డింగ్ డిస్క్రిప్షన్ సిస్టమ్'లో భవనంలోని భాగాలన్నీ ఒకే సమాచార నిధిలో ఉంటాయి. ఏ కోణం నుంచి కావాలంటే ఆ కోణం నుంచి బొమ్మ తీసుకోవచ్చు. సామగ్రి పరిమాణాలూ దాని నుంచే రాబట్టవచ్చు. డ్రాయింగులకు బదులు కంప్యూటర్లను వాడటం గురించి ఈస్ట్‌మన్ 1975లో అమెరికా ఆర్కిటెక్టుల పత్రికలో రాసిన వ్యాసం ఈ ఆలోచనను వృత్తివర్గాల ముందు ఉంచింది.

బ్రిటన్ ఈ విషయంలో వెనకబడి లేదు. 1970లలోనే ఆక్స్‌ఫర్డ్ ప్రాంతీయ ఆరోగ్య సంస్థ ఆసుపత్రుల కోసం ఆక్సిస్ అనే వ్యవస్థ రూపొందింది. రూకాప్స్ అనే మరో బ్రిటిష్ వ్యవస్థను 1980లలో హీత్రూ విమానాశ్రయం మూడో టెర్మినల్ పునర్నిర్మాణానికి వాడారు. 1982లో హంగరీ రాజధాని బుడాపెస్టులో స్థాపితమైన గ్రాఫిసాఫ్ట్ సంస్థ, తరవాతి కాలంలో ఆర్కిక్యాడ్‌గా ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేర్‌ను 1984లో మొదట విడుదల చేసింది. మనం నేడు వాడుతున్న 'బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడల్' అనే పేరు మాత్రం 1992లో వాన్ నెడర్‌వీన్, టోల్మన్ అనే ఇద్దరు పరిశోధకుల వ్యాసంలో కనిపిస్తుంది.

4. సాఫ్ట్‌వేర్ వచ్చింది, పద్ధతి మారలేదు (1982–2004)

1982 చివర ఆటోక్యాడ్ విడుదలైంది. వ్యక్తిగత కంప్యూటర్లపై నడవడం వల్ల చిన్న కార్యాలయాలకు సైతం అది అందుబాటులోకి వచ్చింది. ఇరవై ఏళ్లలో డ్రాయింగ్ బోర్డులు, ట్రేసింగ్ కాగితాలు చాలావరకు మూలపడ్డాయి. దీన్ని విప్లవం అన్నవారున్నారు. కాని చరిత్ర దృష్టితో చూస్తే ఇక్కడ మారింది పెన్సిలు మాత్రమే. గీతలు గీతలుగానే మిగిలాయి. ఎవరి నక్షా వారిదే, ఎవరి సంతకం వారిదే. పాత బాధ్యతల హద్దులను కదపలేదు కాబట్టే క్యాడ్ అంత త్వరగా వ్యాపించిందని చెప్పవచ్చు.

1997లో మొదలైన ఒక అమెరికన్ సంస్థ 2000లో రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఆటోక్యాడ్ యజమాని అయిన ఆటోడెస్క్ 2002లో దాన్ని కొనుగోలు చేసింది. అప్పటి నుంచి బిమ్ అన్న మాట వృత్తివర్గాలలో బాగా ప్రచారం పొందింది. ఒక సంస్థ సాఫ్ట్‌వేర్‌లో తయారైన నమూనా మరో సంస్థ సాఫ్ట్‌వేర్‌లో సరిగా తెరుచుకోకపోవడం పెద్ద అడ్డంకి అయింది. దీన్ని తొలగించడానికి 1990ల మధ్య నుంచి పలు సంస్థలు కలిసి ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి సమాచార రూపాన్ని అభివృద్ధి చేశాయి. అది 2013లో ఐఎస్ఓ 16739 పేరుతో పూర్తి స్థాయి అంతర్జాతీయ ప్రమాణం అయింది.

2004లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ ముఖ్యమైనది. సమాచారం ఒకరి నుంచి మరొకరికి సరిగా చేరకపోవడం వల్ల అమెరికాలో పెద్ద భవనాలు, కర్మాగారాల రంగానికి 2002లో 1,580 కోట్ల డాలర్ల నష్టం జరిగిందని అది అంచనా వేసింది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు, అంటే 1,060 కోట్ల డాలర్లు, భవనాల యజమానులూ నిర్వాహకులూ మోస్తున్న భారం. అంటే గందరగోళానికి ఎక్కువ మూల్యం చెల్లిస్తున్నది నక్షాలు గీసేవారు కాదు, కట్టించుకునేవారు. మార్పు కోరవలసిన అవసరం ఎవరికి ఎక్కువో దీనివల్ల స్పష్టమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
క్యాడ్ త్వరగా, బిమ్ ఆలస్యంగా వ్యాపించడానికి కారణాలను అయిదు వాక్యాలలో రాయండి.

5. బ్రిటన్ నేపథ్యం: రెండు నివేదికలు, ఒక విమానాశ్రయం

1990లలో బ్రిటన్ నిర్మాణ రంగం వివాదాలకు పేరుపడింది. తక్కువ ధర చెప్పి పని దక్కించుకోవడం, ఆ తరవాత అదనపు పనుల పేరుతో వసూలు చేయడం, చివరికి కోర్టుకెక్కడం మామూలైంది. 1994లో మైకేల్ లేథమ్ నివేదిక, 1998లో జాన్ ఈగన్ నివేదిక ఈ పరిస్థితిని తీవ్రంగా విమర్శించాయి. కలిసి పనిచేయాలన్నది రెండింటి సారాంశం. రెండో నివేదిక కార్ల తయారీ వంటి పరిశ్రమలను చూసి నేర్చుకోమన్నది.

1994 అక్టోబరులో హీత్రూ వద్ద తవ్వుతున్న రైలు సొరంగం కూలింది. ప్రాణనష్టం జరగలేదు గాని పని చాలాకాలం దెబ్బతిన్నది. విమానాశ్రయ యజమాని బీఏఏ ఈ అనుభవం నుంచి ఒక పాఠం నేర్చుకుంది. అయిదో టెర్మినల్‌కు కుదుర్చుకున్న ఒప్పందంలో నష్టభయాన్ని కాంట్రాక్టర్లపైకి నెట్టకుండా తానే భరించింది. తప్పు ఎవరిదని వెతకడం కంటే దాన్ని కలిసి సరిదిద్దడం అందరికీ లాభమయ్యే పరిస్థితి అలా ఏర్పడింది. ఆ వాతావరణంలోనే 'ఒకే నమూనా పరిసరం' అనే పేరుతో ఉమ్మడి డిజిటల్ నమూనా పద్ధతిని అక్కడ ప్రయత్నించారు. సుమారు 430 కోట్ల పౌండ్ల ఆ నిర్మాణం అనుకున్న గడువుకు పూర్తయి 2008 మార్చి 27న ప్రారంభమైంది.

ప్రారంభం రోజున సామాన్ల వ్యవస్థ స్తంభించింది. తరవాతి రోజుల్లో వందలాది విమానాలు రద్దయ్యాయి. సిబ్బందికి కొత్త భవనంతో తగినంత పరిచయం లేకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణంగా తేలింది. నమూనా భవనాన్ని కట్టడానికి తోడ్పడగలదు, అందులో పనిచేసే మనుషులను సిద్ధం చేయడం వేరే పని అన్న సంగతిని ఈ ఘటన నుంచి గ్రహించాలి.

6. 2011 నిర్ణయం

2008 ఆర్థిక సంక్షోభం తరవాత బ్రిటన్ ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకోక తప్పని స్థితి వచ్చింది. ప్రభుత్వానికి తొలి ప్రధాన నిర్మాణ సలహాదారుగా 2009లో నియమితుడైన పాల్ మోరెల్ ప్రోత్సాహంతో బిమ్ విధానం రూపుదిద్దుకుంది. 2011 మేలో ప్రకటించిన ప్రభుత్వ నిర్మాణ వ్యూహం, 2016 నాటికి కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలన్నిటిలో పరస్పర సహకారంతో కూడిన త్రిమితీయ బిమ్ కనీస షరతుగా ఉండాలని నిర్దేశించింది. నిర్మాణ వ్యయాన్ని 15 నుంచి 20 శాతం వరకు తగ్గించాలన్నది ఆ వ్యూహం మొత్తం లక్ష్యం. బిమ్ అందుకు ఎంచుకున్న మార్గాలలో ఒకటి.

ఈ నిర్ణయంలో మూడు అంశాలు గమనించదగినవి.

మొదటిది, ఇది చట్టం కాదు. ప్రభుత్వం పాలకుడిగా కాక కొనుగోలుదారుగా మాట్లాడింది. "మా పని కావాలంటే ఈ పద్ధతిలో చేయండి" అన్నది. ప్రైవేటు భవనాలకు ఆ నిబంధన వర్తించలేదు.

రెండోది, అయిదేళ్ల వ్యవధి ఇచ్చారు. ఈలోగా న్యాయ మంత్రిత్వ శాఖ కెంట్‌లోని కుకమ్ వుడ్ బాల నేరస్థుల సంస్థలో ఒక భవనాన్ని ప్రయోగాత్మక పనిగా చేపట్టింది. 2013లో పీఏఎస్ 1192-2 అనే ప్రమాణం, కాంట్రాక్టులకు జతచేసుకునే బిమ్ నియమావళి వెలువడ్డాయి. తనకు ఏ సమాచారం, ఏ దశలో, ఏ రూపంలో కావాలో యజమాని ముందుగానే రాసి ఇవ్వాలన్నది ఆ ప్రమాణంలోని కీలక నిబంధన.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. మార్క్ బ్యూ, మెర్విన్ రిచర్డ్స్ 2008లో రూపొందించిన ఒక పటం బిమ్ పరిణతిని సున్నా నుంచి మూడు వరకు స్థాయిలుగా విభజించింది. సున్నాలో మామూలు క్యాడ్ నక్షాలు, మూడులో అందరూ ఒకేసారి పనిచేసే ఏకైక నమూనా ఉంటాయి. ప్రభుత్వం ఎంచుకున్నది రెండో స్థాయి. ఇందులో ఆర్కిటెక్టు నమూనా ఆర్కిటెక్టుదే, ఇంజినీరు నమూనా ఇంజినీరుదే. వాటిని నిర్ణీత రూపంలో ఒక ఉమ్మడి సమాచార వేదికపై పంచుకుంటారు. ఏ ఫైలు ఇంకా తయారీలో ఉంది, ఏది పంచుకున్నది, ఏది ఆమోదించి విడుదల చేసినది, ఏది భద్రపరచినది అన్నది ఆ వేదిక చెబుతుంది. రెండో విభాగంలో చెప్పుకున్న బాధ్యతల హద్దు చెరిగిపోకుండానే సమాచారం కదలడానికి ఇది వీలు కల్పించింది. నిర్ణయం ఆచరణకు నిలవడానికి ఈ రాజీ ఒక ప్రధాన కారణం.

బ్రిటన్ మార్గం ఒక్కటే లేదు. ఫిన్లాండులో ప్రభుత్వ భవనాల సంస్థ 2007లోనే తన పనులకు నమూనాలు కోరింది. సింగపూరు ఇందుకు భిన్నంగా అనుమతులిచ్చే అధికారి స్థానం నుంచి కదిలింది. 2010లో సంస్థలకు ఆర్థిక సాయం కోసం ఒక నిధిని ఏర్పాటు చేసి, 2013 నుంచి 20,000 చదరపు మీటర్లకు మించిన భవనాలకు, 2015 నుంచి 5,000 చదరపు మీటర్లకు మించిన వాటికి అనుమతి దరఖాస్తును బిమ్ రూపంలో సమర్పించాలని నియమం పెట్టింది.

7. ఫలితాలు: అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు?

బ్రిటన్‌లో ఎన్‌బీఎస్ అనే సంస్థ ఏటా జరిపిన సర్వేలో బిమ్ వాడుతున్నామన్నవారు 2011లో 13 శాతం, 2020లో 73 శాతం. చూడగానే ఇది ఘనవిజయంగా కనిపిస్తుంది. అయితే ఈ సర్వేలకు జవాబులిచ్చినవారు తమంతట తాము ముందుకొచ్చినవారు. విషయంపై ఆసక్తి ఉన్నవారే ఎక్కువగా జవాబిస్తారు. పైగా "వాడుతున్నాం" అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెప్పుకుంటారు. ఒక పనిలో త్రిమితీయ బొమ్మ వాడినవారూ, అన్ని పనుల్లో ప్రమాణాలు పాటించినవారూ ఒకే అంకెలో కలిసిపోతారు. పెద్ద సంస్థల కంటే చిన్న సంస్థలు వెనకబడి ఉన్నాయన్నది కూడా ఆ సర్వేలలోనే కనిపించింది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు, శిక్షణ, కొత్త కంప్యూటర్ల ఖర్చు ముగ్గురు నలుగురు ఉద్యోగులున్న కార్యాలయానికి బరువే.

బాధ్యత ప్రశ్న మరో రూపంలో కోర్టుకు చేరింది. ఫాక్లాండ్ దీవులలో బ్రిటన్ రక్షణ శాఖ విద్యుత్ కేంద్రం పనిలో ట్రాంట్ ఇంజినీరింగ్ కాంట్రాక్టరు, మాట్ మెక్‌డొనాల్డ్ డిజైన్ సలహాదారు. చెల్లింపులపై వివాదం వచ్చినప్పుడు సలహాదారు సంస్థ ఉమ్మడి వేదికలోకి కాంట్రాక్టరు ప్రవేశాన్ని నిలిపివేసింది. 2017లో లండన్ హైకోర్టు, కాంట్రాక్టరు 4,75,000 పౌండ్లు కోర్టులో జమ చేయాలన్న షరతుపై, ప్రవేశాన్ని పునరుద్ధరించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కాగితాల కాలంలో నక్షాల ప్రతులు ఎవరి బీరువాలో వారికి ఉండేవి. ఇప్పుడు ఒక పాస్‌వర్డు రద్దయితే పని ఆగిపోగలదు. కొత్త సాంకేతికత పాత తగాదాను తీర్చకుండా దాని స్థలాన్ని మార్చగలదనడానికి ఇది ఉదాహరణ.

8. గ్రెన్‌ఫెల్ తరవాత

2017 జూన్ 14 తెల్లవారుజామున పశ్చిమ లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు చెలరేగి 72 మంది మరణించారు. ఏడాది ముందే పూర్తయిన మరమ్మతుల్లో బయటి గోడలకు తొడిగిన మండే గుణం గల క్లాడింగ్ మంటలను వేగంగా వ్యాపింపజేసింది. ఆ తరవాత భవన నియమాలను సమీక్షించిన జుడిత్ హాకిట్ 2018 మేలో తుది నివేదిక ఇచ్చారు. ఎత్తయిన భవనాల విషయంలో దేనితో కట్టారు, తరవాత ఏం మార్చారు, ఎవరు ఆమోదించారు అన్న నమ్మదగిన సమాచారం చాలాచోట్ల లేదని ఆ సమీక్ష ఎత్తిచూపింది. భవనం రూపకల్పన నుంచి చివరిదాకా తెగకుండా సాగే 'బంగారు దారం' వంటి డిజిటల్ సమాచారం ఉండాలని సిఫార్సు చేసింది.

ఈ సిఫార్సు 2022 నాటి భవన భద్రతా చట్టానికి దారితీసింది. ఇంగ్లండులో 18 మీటర్లు లేదా ఏడు అంతస్తులకు చేరే నివాస భవనాల బాధ్యులు అలాంటి సమాచారాన్ని డిజిటల్ రూపంలో ఉంచాలి. చట్టం ఫలానా సాఫ్ట్‌వేర్ వాడమని చెప్పదు. సమాచారం ఉండాలి, నిజమై ఉండాలి, దానికి ఒక బాధ్యుడు ఉండాలి అని మాత్రం చెబుతుంది. 2011లో ఖర్చు తగ్గించే సాధనంగా ప్రవేశించిన ఆలోచన, పదేళ్లలో ప్రాణరక్షణకు సంబంధించిన విధిగా మారింది. స్వీకరణ చరిత్రలో ఈ మలుపు కీలకమైనది. ఒక సాంకేతికతను తీసుకున్న కారణమూ, చివరికి దానివల్ల నెరవేరవలసిన ప్రయోజనమూ ఒకటే కానక్కరలేదు.

9. మన సందర్భం

బ్రిటన్‌లో సిద్ధమైన 1192 ప్రమాణాల ఆధారంగా 2018 చివర ఐఎస్ఓ 19650 అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. కాబట్టి ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. భారతదేశంలో నాగపూర్ మెట్రో రైలు నిర్మాణంలో ఐదు కొలతల బిమ్ పద్ధతిని అమలుచేశారు. హైదరాబాదులోని పలు సంస్థలలో తెలుగు యువ ఇంజినీర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు అమెరికా, బ్రిటన్ వంటి దేశాల భవనాలకు నమూనాలు తయారుచేసి పంపుతున్నారు. అదే నగరంలో పక్క వీధిలో లేచే నాలుగంతస్తుల ఇల్లు మాత్రం తరచుగా ఫోనులో వచ్చిన ప్లాను, మేస్త్రీ అనుభవం ఆధారంగానే నడుస్తుంది. కట్టిన తరవాత గోడలో గొట్టం ఎక్కడ పోయిందో ఎలక్ట్రీషియన్, ప్లంబరు గుర్తుంచుకుంటేనే ఉంది, లేకపోతే లేదు.

నైపుణ్యం మన దగ్గర ఉన్నా, దాన్ని అడిగే యజమాని వేరే దేశంలో ఉన్నాడు. బ్రిటన్ అనుభవం వెలుగులో చూస్తే ఇక్కడ కొరత సాఫ్ట్‌వేర్‌లో లేదు. బడి, ఆసుపత్రి, వంతెన కట్టించే సంస్థ తనకు ఏ సమాచారం కావాలో ముందే రాసి ఇవ్వగలదా, భవనం అప్పగించిన రోజున దాన్ని తీసుకోగలదా, ఇరవై ఏళ్ల తరవాత తెరిచి చూడగలదా అన్నవి అసలు ప్రశ్నలు. మీలో నిర్మాణ పనులతోనో, ప్రభుత్వ కార్యాలయాలతోనో సంబంధం ఉన్నవారు తమకు తెలిసిన ఒక భవనాన్ని తీసుకుని ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి.

10. సారాంశం

బిమ్ భావన 1970లలోనే రూపుదిద్దుకున్నా, బాధ్యతలను విడదీసే కాగితపు నక్షా వ్యవస్థ బలంగా ఉండటం వల్ల ఆలస్యంగా వ్యాపించింది. పాత హద్దులను ముట్టుకోని క్యాడ్ ముందుగా స్థిరపడింది. బ్రిటన్‌లో ప్రభుత్వం కొనుగోలుదారుగా షరతు పెట్టి, వ్యవధి ఇచ్చి, ప్రమాణాలు సిద్ధంచేసి, బాధ్యతలు చెరగని రెండో స్థాయిని ఎంచుకోవడంతో స్వీకరణ వేగం అందుకుంది. చిన్న సంస్థల వెనకబాటు, సమాచారంపై ఆధిపత్య వివాదాలు దాని పరిమితులు. గ్రెన్‌ఫెల్ దుర్ఘటన తరవాత సమాచారాన్ని భద్రపరచడం భద్రతా బాధ్యతగా గుర్తింపు పొందింది.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

ఎ) కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బిమ్ స్వీకరణలో యజమాని పాత్రను బ్రిటన్ ఆధారంగా వివరించండి.
2. 2011 నిర్ణయంలో రెండో స్థాయిని ఎంచుకోవడం ఎందుకు ప్రాధాన్యం గలది?

బి) కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సర్వే అంకెలను చరిత్ర ఆధారాలుగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
2. బ్రిటన్, సింగపూరు అనుసరించిన మార్గాలను పోల్చండి.
3. 'బంగారు దారం' భావనను వివరించండి.